నూట యాభై కుర్చీలు

2017 జూన్ 18, ఆదివారం. ఈ తేదీ నాకు మా పెళ్ళిరోజు కంటే బాగా గుర్తు. ఆ సాయంత్రం రాజమండ్రిలో మా వీధి చివరి కల్యాణమండపం మేడ మీద హాల్లో నూట యాభై కుర్చీలు వేయించి, పన్నీరు బుడ్డి పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. వచ్చినవాళ్ళు పదకొండు మంది. అందులో నలుగురు మా చుట్టాలే. ఇంకో పెద్దమనిషి కింద హాల్లో షష్టిపూర్తికి వచ్చి, భోజనాలు పైన అనుకుని మెట్లెక్కినాయన!

ఏమిటా సభ అంటారా? చెప్తాను. మా పేటలో పది మంది ఆడవాళ్ళం కలిసి ఒక పొదుపు సంఘం పెట్టుకున్నాం. 1992లో నాబార్డు 500 సంఘాలతో బ్యాంకు అప్పుల పద్ధతి మొదలుపెట్టింది మొదలు, మా బోటి సంఘాలకి అప్పులిచ్చేవాళ్ళకీ, శిక్షణలిచ్చేవాళ్ళకీ లోటు లేదు. చేసిన సరుకు ఎవరు కొంటారన్నదే ఎప్పుడూ చిక్కు. నేనూ, మా ఎదురింటి పిన్నిగారూ పొడులూ పచ్చళ్ళూ చేస్తాం. ఒకావిడ ఆత్రేయపురం నుంచి పూతరేకులు తెప్పిస్తుంది. ఇద్దరు అక్కచెల్లెళ్ళు ఉప్పాడ చీరలు అమ్ముతారు. ఇంకొకావిడ అప్పడాలూ వడియాలూ. వీధి మలుపులో మిషను కుట్టే ఆవిడని మేమంతా మిషనక్క అంటాం. ఆవిడ జాకెట్లూ, పిల్లల గౌన్లూ, గలేబులూ కుట్టి పెట్టుకుంది. అన్నీ ఒకచోట పెట్టి ‘ప్రదర్శన, అమ్మకం’ అని జరిపితే ఊరు ఊరంతా వచ్చి పడుతుందని మా లెక్క.

లెక్కంటే గుర్తొచ్చింది. ఖర్చు 15,000 రూపాయలు అయింది. హాలుకి 5,000, కుర్చీలకి 1,050, రెండు వేల కరపత్రాలు అచ్చు వేయించి పేపరు కుర్రాళ్ళ చేత పంచడానికి 2,200, మైకు ఆటోకి 1,200. ఫ్లెక్సీ, ముఖ్య అతిథిగారి శాలువా, పూలదండ, పులిహోర, కాఫీ... ఇలా. అదంతా సంఘం పొదుపులోంచి తీసిన అప్పు. ఆ రోజు అమ్మకం ఎంతనుకున్నారు? 2,310 రూపాయలు. మిగులు కాదండీ, మొత్తం అమ్మకం!

ముఖ్య అతిథిగారు నాలుగున్నరకి వస్తానని ఐదూ నలభైకి వచ్చారు. దీపం వెలిగించాక ముప్ఫయి అయిదు నిమిషాలు స్త్రీ సాధికారత గురించి మాట్లాడారు. ఆయన మాట్లాడుతుండగానే వచ్చిన పదకొండు మందిలో ముగ్గురు లేచి వెళ్ళిపోయారు. షష్టిపూర్తి పెద్దమనిషి మాత్రం చివరిదాకా ఉండి, పులిహోర బాగుందని మెచ్చుకుని వెళ్ళాడు. రాత్రి కుర్చీలు ఎత్తించడానికి టెంటు కుర్రాడు వస్తే, సగం పైగా మడత కూడా విప్పలేదు కదా, కొంచెం తగ్గించు బాబూ అన్నాను. “కూర్చోకపోయినా మోసింది మోసిందేనండీ” అన్నాడు. నిజమే మరి.

మేమంతా గోల గోలగా మాట్లాడుకుంటూనే ఉన్నాం గానీ, మిషనక్క మాత్రం నోరు మెదపలేదు. తెచ్చిన గౌన్లన్నీ ఒక్కొక్కటీ దులిపి మడతపెట్టి మూట కట్టుకుంది. ఆవిడ భర్త పోయి అప్పటికి నాలుగేళ్ళు. కూతురు పాలిటెక్నిక్కులో చేరబోతోంది. ఆ ఫీజు కోసమే రెండు నెలలు రాత్రిళ్ళు కూర్చుని అవన్నీ కుట్టిందని మాకందరికీ తెలుసు. బట్టకి పెట్టిన డబ్బు కూడా అప్పే. “వెళ్ళొస్తానండీ” అని మూట నెత్తిన పెట్టుకుని మెట్లు దిగుతుంటే నాకు ఆ పులిహోర గిన్నె చూడాలంటేనే చేదుగా అనిపించింది.

మర్నాడు సంఘంలో పెద్ద రభస. ఊళ్ళో జనానికి ఇంగితం లేదని ఒకరు. పెద్ద పెద్ద షాపులకి అలవాటు పడ్డారని ఇంకొకరు. వాట్సప్‌లో అరవై నాలుగు మంది బొటనవేళ్ళు చూపించారు కదా, వాళ్ళంతా ఏమయ్యారని నేను. ఉన్న పొదుపు పంచేసుకుని సంఘం మూసేద్దామని ఇద్దరు. ఏదీ తేలక ఇంటికొచ్చి కాళ్ళు బారచాపుకుని కూర్చుంటే, మా అత్తగారు వత్తులు చేసుకుంటూ అడిగారు.

“ఇంతకీ ఎవర్ని పిలిచావే?”

“అందర్నీ పిలిచాం అత్తయ్యగారూ.”

“అందర్నీ అంటే ఎవర్ని?”

నాకు చిరాకేసింది. కరపత్రాలూ, మైకూ, ఫ్లెక్సీ, వాట్సప్పూ మళ్ళీ మొదటినుంచీ ఏకరువు పెట్టాను. ఆవిడ అంతా విని, “అది చెప్పడం. పిలవడం కాదు” అని మళ్ళీ వత్తుల్లో పడిపోయారు.

అత్తగారన్న మాట ఒప్పుకోవడం ఏ కోడలికైనా కష్టమే. రెండు రోజులు పట్టింది నాకు. మూడో రోజున ఒక నోటు పుస్తకం పట్టుకుని, రాని వాళ్ళ ఇళ్ళకి వెళ్ళాను. దెబ్బలాడటానికి కాదు, “ఎందుకు రాలేదో మొహమాటం లేకుండా చెప్పండి” అని అడగడానికి. సిగ్గు చంపుకుని చేసిన పని. కానీ ఆ పుస్తకంలో రాసుకున్నవి ఏ శిక్షణలోనూ ఎవరూ నాకు చెప్పలేదు.

మొదటి ఇంట్లోనే మా కరపత్రం కనిపించింది. దాని మీద పూరీలు ఆరబెట్టుకున్నారు. ఇంకో ఇంట్లో మామ్మగారు, “ఆదివారం నాలుగున్నరకి మొదలుపెట్టారేమిటమ్మా, రాహుకాలం కదూ?” అన్నారు. నిజమే, ఆదివారం నాలుగున్నర నుంచి ఆరుదాకా రాహుకాలం. క్యాలెండరు వంటింట్లోనే ఉంది. చూసిందెవరు? మూడో ఇంట్లో నవ్వు. ఆ రోజు లండనులో ఛాంపియన్స్ ట్రోఫీ ఫైనలట, మనకీ పాకిస్తానుకీ! మధ్యాహ్నం మూడింటి నుంచి మగవాళ్ళూ పిల్లలూ టీవీలకి అతుక్కుపోయారు. వాళ్ళకి పకోడీలు వేస్తూ ఆడవాళ్ళు వంటింట్లో ఉన్నారు. అక్కడ మనవాళ్ళు 180 పరుగుల తేడాతో ఓడిపోయారు. మాది అంతకంటే పెద్ద ఓటమే అనుకోండి. ఇంకొకావిడ, “బడులు తెరిచి వారం కాలేదు. ఫీజులూ పుస్తకాలూ కొనేసరికి పర్సు ఊడ్చుకుపోయింది. వచ్చి ఏం కొనను?” అంది. మోకాళ్ళ నొప్పుల వాళ్ళయితే మేడ అనగానే మానేశారు.

ఇవన్నీ ఒక ఎత్తు. ప్రకాశ్‌నగర్‌లో ఒక లెక్చరరు గారి భార్య చెప్పింది ఒక ఎత్తు. ఆవిడ ముందు ఏవేవో సాకులు చెప్పింది. కాఫీ తాగాక గొంతు తగ్గించి అసలు సంగతి బయటపెట్టింది. “మీరంతా తెలిసినవాళ్ళు కదండీ. వచ్చి, చూసి, ఊరికే వెళ్ళిపోతే బాగుంటుందా? తాడితోటలో అయితే యాభై చీరలు దింపించి, రంగు నచ్చలేదని లేచి వచ్చేస్తాను. మీ బల్ల దగ్గర అలా రాగలనా? అందుకే అసలు రాకపోతే గొడవే ఉండదనుకున్నాను.”

చూశారా! మేం తెలిసినవాళ్ళం కాబట్టి వస్తారని మేం అనుకుంటే, తెలిసినవాళ్ళం కాబట్టే రాలేదట. పైగా మనుషులు పల్చగా ఉంటే ఇంకా భయం. నూట యాభై కుర్చీల్లో పదకొండు మంది ఉన్న హాల్లోకి తొంగి చూసినవాళ్ళు లోపలికి వస్తే ఇరుక్కుపోతామని గుమ్మంలోంచే తిరిగి వెళ్ళిపోయారని తరవాత తెలిసింది. ఖాళీ కుర్చీలకి అద్దె కట్టి మరీ జనాన్ని తరిమేశామన్నమాట.

ఆ పుస్తకం సంఘంలో చదివి వినిపించాను. ఒక్కసారే, ఇంకొక్కసారే చూద్దామని బతిమాలాను. శ్రావణమాసం దగ్గర పడుతోంది. ఆ ఏడు వరలక్ష్మీ వ్రతం ఆగస్టు 4, శుక్రవారం వచ్చింది. ఆగస్టు 1న జీతాలు. రెండో తేదీ బుధవారం పొద్దున్న పదిన్నరకి అనుకున్నాం. పిల్లలు బళ్ళోకి, మగవాళ్ళు ఆఫీసులకి వెళ్ళాక, మళ్ళీ పిల్లలొచ్చే నాలుగు గంటల లోపు ముగించెయ్యాలి. హాలు వద్దు, మా ఎదురింటి పిన్నిగారి వీధి వసారా చాలు. మెట్లు రెండే. ముఖ్య అతిథి లేడు, దీపం లేదు, ఉపన్యాసం అసలే లేదు. కుర్చీలు ఇరవై అయిదు. టెంటు కుర్రాడు, “అంతేనాండీ?” అని జాలిగా చూశాడు.

కొనకపోయినా రావడానికి ఒక పని ఉండాలి కదా? ఈ ఆలోచన మాత్రం మిషనక్కది. వ్రతానికి రెండు రోజుల ముందు ఏ ఇంట్లో చూసినా ఫాల్ కుట్టించని కొత్త చీర ఒకటి ఉంటుంది. దర్జీ కొట్లలో అప్పుడు ఇవ్వబోతే, పది రోజులాగి రమ్మంటారు. “నేను రెండు మిషన్లు వసారాలో వేసుకుంటానండీ. మా మరిది కూతురు సాయం వస్తుంది. చీర తెచ్చుకుంటే అక్కడే ఫాల్, పీకో చేసి ఇచ్చేద్దాం. కుట్టేదాకా వాళ్ళు కూర్చోవాలిగా, కళ్ళు మూసుకుని అయితే కూర్చోరుగా!” అంది. రెండు నెలల్లో ఆవిడ నవ్వగా చూడటం అదే మొదలు.

ఇక పిలుపులు. మా అత్తగారి మాట ప్రకారం ఇంటింటికీ ఇద్దరేసి వెళ్ళి, కుంకుమ భరిణె పట్టుకుని బొట్టు పెట్టి పిలవాలని తీర్మానించాం. పేరంటానికి పిలిచినట్టే. అందరూ సరేనన్నారు. మిషనక్క మాత్రం, “మీరు వెళ్ళిరండి. నేను ఇంట్లో దారాలు చుట్టుకుంటాను” అంది. ఎందుకని అడగబోయి నాలిక కరుచుకున్నాను.

లోపల గదిలోంచి మా అత్తగారు బయటికొచ్చారు. మా మామగారు పోయి అప్పటికి తొమ్మిదేళ్ళు. అంతకు ముందు పేటలో ఎవరింట్లో ఏ నోము జరిగినా ఆవిడ లేకుండా జరిగేది కాదు. పాటలు ఆవిడవే, వాయనాల లెక్కలు ఆవిడవే. ఆ తరవాత ఎవరూ పిలవలేదు. ఆవిడా అడగలేదు. ఒక్క మాట చెప్తున్నాను, ఆ తొమ్మిదేళ్ళూ అదే ఇంట్లో ఉండి నేనూ దాని గురించి ఆలోచించలేదు.

“బొట్టు మాట వదిలెయ్యండే. పేరు పెట్టి పిలవడం ముఖ్యం. గుమ్మంలోకి వచ్చి, ఫలానా నువ్వు రావాలి అంటే చాలు. చేతిలో ఏదో ఒకటి పెట్టండి. మిషనమ్మాయ్, నువ్వూ నేనూ ఒక జత. పద” అన్నారు.

చేతిలో పెట్టడానికి కరివేపాకు పొడి పొట్లాలు కట్టాం. ఒక ముద్ద అన్నానికి సరిపడా. శ్రావణంలో చాలా ఇళ్ళలో వెల్లుల్లి తినరు కాబట్టి అది వెయ్యలేదు. నీడన ఆరిన కరివేపాకు, మినప్పప్పు, ధనియాలు, ఎండుమిరప, చింతపండు, ఉప్పు, కాస్త ఇంగువ, అంతే. మినప్పప్పు మాత్రం సన్నని సెగ మీద ఓపిగ్గా వేయించాలి. మాడితే పొడంతా చేదు. బొట్టు పోయి పొడి రావడంతో ఇంకో మేలు జరిగింది. అప్పటిదాకా మా మనసులో లేని ఇళ్ళు కూడా పుస్తకంలోకి వచ్చాయి. చర్చి వెనక వీధివాళ్ళు, ఆయుర్వేదం కొట్టు పక్కన ముస్లిం కుటుంబాలు, హాస్టల్లో ఉండే బ్యాంకు ఉద్యోగం అమ్మాయిలు. వాళ్ళకి మాత్రం చీరలకి ఫాల్ అక్కర్లేదా?

వారం రోజుల్లో 160 ఇళ్ళు తిరిగాం. అన్నిచోట్లా హారతులు పట్టారని చెప్పను. ఒకావిడ తలుపు ఓరగా తీసి, మేం విరాళాలకి వచ్చామనుకుని, “ఆయన ఇంట్లో లేరు” అని వేసేసింది. ఇంకో ఇంట్లో పొట్లం అక్కడికక్కడే నాలిక మీద వేసుకుని, మా వదిన ఇంతకంటే బాగా చేస్తుందని చెప్పింది. అందరికంటే ఎక్కువ ఇళ్ళు తిరిగింది అత్తగారూ మిషనక్కానూ. ఆటోలో ఒకరు, పక్కన నడుస్తూ ఒకరు. యాభై మూడు ఇళ్ళు. మిషనక్కకి పేటలో ప్రతి ఇంటి కొలతలూ తెలుసు. ఎవరింట్లో కొత్త చీర వచ్చిందో, ఎవరి పిల్లకి గౌను పొట్టయిపోయిందో తెలుసు. “మీ ఆకుపచ్చ చీరకి ఇంకా ఫాల్ కుట్టించలేదు కదండీ, బుధవారం తెచ్చుకోండి” అని గుమ్మంలో నిలబడి అంటే ఎవరు రారు చెప్పండి? ఒక ఇంట్లో భర్త పోయిన ఆవిడ తలుపు తీసి, “అమ్మాయి నిద్రపోతోంది, లేపుతానుండండి” అందట. మా అత్తగారు, “అమ్మాయిని కాదు, నిన్నే పిలవడానికొచ్చాం” అన్నారట. ఆవిడ కాసేపు అలాగే నిలబడిపోయి, “నన్నా?” అందట. ఇది నాకు మిషనక్క చెప్పింది. మా అత్తగారు ఇప్పటికీ చెప్పలేదు.

బుధవారం పదిన్నర అయింది. ఎవరూ లేరు. పదకొండు. ఇద్దరు. నా గుండె జారిపోయింది. పావుతక్కువ పన్నెండు దాటాక మొదలైందండీ, చంకలో చీర సంచులతో ఒక్కొక్కరే! ఇరవై అయిదు కుర్చీలు ఎప్పుడు నిండాయో చూడలేదు. కుర్చీ దొరకనివాళ్ళు నిలబడ్డారు. నిలబడ్డవాళ్ళు ఊరికే నిలబడరు కదా, బల్లల దగ్గరికి చేరారు. లోపల జనం ఉన్నారని చూసి రోడ్డున పోయేవాళ్ళు కూడా ఆగారు. లెక్కకి గుమ్మంలో గిన్నె పెట్టి, వచ్చినవాళ్ళకి ఒక చింతగింజ వెయ్యమని పిన్నిగారి మనవడికి చెప్పాను. వాడు నాలుగింటికి లెక్కపెట్టి 97 అన్నాడు. మధ్యలో కొన్ని గింజలతో ఆడుకున్నాడని అనుమానం ఉంది గానీ, ఆ మాట ఎవరితోనూ అనలేదు.

లెక్చరరు గారి భార్య వచ్చింది. మిషన్ దగ్గర చీర ఇచ్చి, అరగంట అన్నీ తిరిగి చూసి, ఏమీ కొనకుండా చీర తీసుకుని వెళ్ళిపోయింది. నేను నవ్వుతూ సాగనంపాను. శుక్రవారం పేరంటంలో ఆవిడ మా పూతరేకుల సంగతి పదిమందికి చెప్పిందట. శనివారం మూడు ఆర్డర్లు వచ్చాయి.

ఆ రోజు అమ్మకం 34,000 పై చిలుకు. ఖర్చు 1,900. అందరి మిగులులోంచీ తలా కొంత తీసి 9,000 అప్పు తీర్చాం. మిషనక్కకి నలభై ఒక్క చీరలు వచ్చాయి. అక్కడ కుట్టలేనివి గురువారం రాత్రికల్లా ఇళ్ళకి చేర్చింది. చీరకి 80 రూపాయలు. గౌన్లు సగం పోయాయి. కూతురి ఫీజుకి ఇంకా కొంచెం తగ్గితే సంఘం వేసింది. అది తరవాత తీర్చేసిందనుకోండి.

ఇక మేం ఆరితేరిపోయామనుకున్నాం. సెప్టెంబరులో దసరాకి ముందు మళ్ళీ పెట్టాం. ఈసారి తిరగడానికి బద్ధకించి, అందరూ మన పేరు తెలిసినవాళ్ళే కదా అని వాట్సప్‌లో రంగురంగుల కార్డు పంపాం. పందొమ్మిది మంది వచ్చారు. అత్తగారు ఏమీ అనలేదు. అనకపోవడమే ఎక్కువ బాధ.

హైదరాబాదులో మా చెల్లెలి ఇంటికి వెళ్ళినప్పుడు ఒక జనవరిలో నుమాయిష్‌కి తీసుకెళ్ళింది. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో చిన్నగా మొదలైన సంత అది. ఇప్పుడు నాంపల్లి మైదానంలో ఇసకేస్తే రాలని జనం. వీళ్ళని ఎవరు పిలిచారే అని అడిగితే మా చెల్లెలు నవ్వింది. జనవరి 1న మొదలై 46 రోజులు ఉండటం వాడుక అట. కొత్త సంవత్సరం వస్తే నుమాయిష్ వచ్చినట్టేనని పిల్లలకి కూడా తెలుసట. ఇంటికొచ్చాక ఇది సంఘంలో చెప్పాను. అప్పటినుంచి మేం కూడా ఒకటే తేదీ పట్టుకున్నాం. వరలక్ష్మీ వ్రతం ముందు బుధవారం, అదే వసారా, అదే పదిన్నర. 2020లో కరోనా వల్ల ఆగింది గానీ, ఆ ఏడు కూడా “ఈసారి లేదా?” అని ఫోన్లు వచ్చాయి. అయినా పిలుపులు మానలేదు. వసారాకి తెలిసిపోయింది కదా అని ఒక ఏడు పిలవకపోతే, మరుసటి ఏడు ఆ ఇంటివాళ్ళు మొహం తిప్పుకుంటారు.

అత్తగారికి ఇప్పుడు ఓపిక లేదు. మంచం మీద కూర్చుని, నోటు పుస్తకం ముందు పెట్టుకుని, ఎవరింటికి ఎవరు వెళ్ళాలో పురమాయిస్తారు. మొదటి పుస్తకం నిండిపోయి ఇది మూడోది. నిన్న సాయంత్రం దాన్ని తిరగేస్తూ, మలుపులో కొత్తగా కట్టిన ఇంట్లోకి ఎవరో దిగారట కదా, వాళ్ళు ఇందులో లేరేమిటి అని అడిగారు. శ్రీకాకుళం నుంచి వచ్చారని మాత్రమే విన్నాను. ఇంటావిడ పేరు నాకు తెలీదు. ఆ పేజీలో ఒక గీత ఖాళీగా వదిలారు. మినప్పప్పు వేయించి చల్లారబెట్టాను, పొడి కొట్టుకుని రేపు పొద్దున్నే వెళ్ళి పేరు కనుక్కుని రావాలి.